మా లాడ్జి వెబ్‌సైటు అడిగిన మాట

దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. లాడ్జి నడిపే ఆడదాన్ని, భయపడితే నాకు జరుగుతుందా? తిరుచానూరులో అమ్మవారి గుడికి నడిచిపోయేంత దూరంలో మాది చిన్న లాడ్జి. కింద ముందర ఆఫీసు, వెనక వంటిల్లు, మేముండే గదులు. పైన యాత్రికులకు ఇచ్చే గదులు. "అమ్మా, మెట్ల మీద ఎవరో తిరిగినట్టుండాది" అని నాతో చెప్పినవాళ్ళు ఎంతమందో. పైన ట్యాంకు నిండితే పైపులో నీళ్ళు గడగడమంటాయి. వాళ్ళను ట్యాంకు దగ్గరికి తీసుకుపోయి చూపించి, మోటారు కట్టేసి, "ఇదిగో మీ దయ్యం, పడుకోండి" అని కిందికి దిగేదాన్ని.

మా పక్క లాడ్జి ఆవిడ ప్రతి అమావాస్యకూ గుమ్మడికాయ కొడుతుంది. నేను అదే గుమ్మడికాయతో పులుసు పెడతాను. అలాంటి మనిషిని నేను. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక చెప్పబోయేది విని "పాపం, మొగుడు పోయి మతి చలించింది" అనేవాళ్ళుంటారు. అననీ. జరిగింది జరిగినట్టు చెప్తాను. నాకు తెలియనిదాన్ని తెలియదనే చెప్తాను.

మా ఆయన పేరు మునిరత్నం. చదివింది లెక్కల చదువే అయినా ఆయనకు పిచ్చి మాత్రం కంప్యూటరు మీద. యాత్రికులంతా ఫోనులోనే గది చూసుకుని వస్తున్నారని కనిపెట్టి, వీడియోలు చూసి నేర్చుకుని, ఎవరి సాయమూ లేకుండా మా లాడ్జికి వెబ్‌సైటు తయారు చేశాడు. దానికోసం ఎక్కడో ఉన్న ఒక సర్వరును అద్దెకు తీసుకున్నాడు.

"సర్వరంటే ఓటల్లో ఇడ్లీలు పెట్టేవాడు గదయ్యా, వానికి అద్దేంది?" అన్నాను.

"వాడే అనుకోవే. మనమడిగింది లోపలి నుంచి తెచ్చి ముందర పెట్టేదే వాని పని," అన్నాడు ఆయన. కోపం తెచ్చుకునే మనిషి కాదు. ఆ కోటా కూడా దేవుడు నాకే ఇచ్చాడు.

వెబ్‌సైటన్నాక అప్పుడప్పుడూ మొండికేస్తుంది. అప్పుడు తెల్లటి పేజీ మీద ఇంగ్లీషులో ఒక నంబరూ, ఒక ముక్కా వస్తాయి. మొదటిసారి అది చూసిన రోజు మా ఆయన అన్నం సరిగా తినలేదు. కారణం మా అత్త.

ఆమె అప్పటికి లేదు గానీ, ఆమె పెట్టిన కట్టుబాటు మా ఇంట్లో ఉంది. గడప దగ్గరికి వచ్చిన మనిషితో లేదు అనకూడదు. గదులన్నీ ఇచ్చేసినా సరే, "గదుల్లేవు" అనే మాట మా నోటి నుంచి రాకూడదు. "నిండినాయమ్మా, కాసేపు కూసోండి" అని చెప్పి, మంచినీళ్ళిచ్చి, పక్క లాడ్జిలోనైనా అడిగి చూడాలి. "అమ్మోరు ఏ రూపంలో వచ్చి అడుగుతాదో మనకేం తెలుసు? లేదు అంటే నిజంగానే లేకుండా పోతాది" అనేది మా అత్త. ఇంట్లో బియ్యం అయిపోయినా నిండుకున్నాయి అనే జాతి మాది. లాడ్జి గడప మీద ఆ మాటను ఎట్లా రానిస్తాం?

"మా యమ్మ బతికుంటే ఈ కంప్యూటరును ఎత్తకపోయి బాయిలో ఏసిండేది," అన్నాడు ఆయన. "గడప కాడికొచ్చిన మనిషికి ఇట్లా మొగానే 'దొరకలేదు' అని కొడతాదా ఇది?"

ఆ ఇంగ్లీషు పేజీలన్నీ తీసేసి, ఒక్కొక్క నంబరుకూ తెలుగులో తన మాటలు రాసి పెట్టాడు. రాసినవి నాకు చదివి వినిపించాలని ఆయనకు ఆశ. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేవాడు.

"404 అంటే ఏందంటే, ఇల్లుండాది, తలుపు తీసే ఉండాది. వాళ్ళడిగిన గది మాత్రం ఈ ఇంట్లో యాడా కనపడదు. పాత నంబరన్నా పట్టుకోని వచ్చుంటారు, తప్పన్నా రాసుకోనుంటారు."

"దానికేం రాసినావు?"

"'దారి తప్పినట్టుండారు. ముందు గుమ్మం ఇట్లా, రండి' అని."

403 అంటే గది ఉంది గానీ తాళం వాళ్ళకివ్వం. దానికి "ఇది ఇంటోళ్ళ గది, మీ గది పైన ఉండాది" అని రాశాడు. 503 అంటే వచ్చినవాళ్ళు ఎక్కువ, చేసేవాళ్ళు తక్కువ. దానికి మా అత్త మాటే రాశాడు: "నిండినాయి. కాసేపు కూసోండి, మంచినీళ్ళు తాగండి." 500 అంటే లోపల ఏదో మాడింది, ఏం మాడిందో బయటివాళ్ళకు చెప్పలేం. దానికి "తప్పు మాదే, మీది కాదు. సర్దుకుంటా ఉండాం" అని.

"అబ్బో! నాతో ఒక్కనాడన్నా అన్నావా ఆ మాట? మీది కాదు, తప్పు మాదే అని?"

"నీకు చెప్పాలంటే ముందు నువ్వు ఫోనులో రూము బుక్ చేసుకోవాల," అన్నాడు నవ్వుతూ.

504 దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆ రోజు ఆయన చొక్కా మీద కాఫీ చుక్క పడి ఉండటం కూడా నాకు గుర్తుంది.

"ముందర ఆఫీసులో కూసున్నోనికి ఏమీ తెలీదే. వాడు లోపలికి కేకేసి అడుగుతాడు, గదులుండాయా అని. లోపలి నుంచి ఉలుకూ ల్యా, పలుకూ ల్యా. వాడెంతసేపని సూస్తాడు? కొంచేపు సూసి, జవాబు రాలేదబ్బా అని వచ్చినోళ్ళకు చెప్పేస్తాడు. అదీ 504."

"లోపలుండే మనిషి సచ్చిపోయిందా ఏంది?"

"సచ్చిపోలా. ఉండాది. పలకలా, అంతే."

"నా పప్పు అడుగంటతాండాది. నీ నంబర్లు నువ్వే మూట కట్టి పెట్టుకో," అని నేను లోపలికి తిరిగాను. ఆ నంబరుకు ఆయన రాసిన ముక్క ఇది: "లోపల అడిగినాము. ఇంకా జవాబు రాలేదు. మళ్ళా అడుగుతాము, కూసోండి." ఈ మాటలు గుర్తు పెట్టుకోండి. మనుషులకు మర్యాద ఇచ్చి రాసిన మాటలు. ఆయన పసిపిల్లవాణ్ణి కూడా మీరు అని పలకరించే మనిషి. నువ్వు అనేది నన్నొక్కదాన్నే.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా ఆఫీసుకూ వంటింటికీ మధ్య పొడుగాటి నడవా ఉంది. ఆయన బయటికి పోయేటప్పుడు ఆఫీసు ఖాళీగా ఉండకూడదు గనక, గేటు దగ్గర నిలబడి "ఉండావా?" అని కేకేస్తాడు. నేను వంటింట్లో నుంచి "ఉండా" అంటాను. అంటే నువ్వు పో, నేను చూసుకుంటాను అని. పెళ్ళయిన కొత్తలో మొదలైంది ఇది. తర్వాత తర్వాత అలవాటైపోయి, నేను ఎదురుగా కూర్చుని పూలు కడుతున్నా సరే, గేటు దాటే ముందు "ఉండావా?" అనేవాడు. నేను తలెత్తకుండానే "ఉండా" అనేదాన్ని. ఏటేటా వచ్చే యాత్రికులు కూడా చూసి నవ్వేవాళ్ళు. ఆ మాట వినకుండా ఆయన గేటు దాటడు.

ఒక్కసారి దాటాడు.

ఆ పొద్దు మేం పోట్లాడుకున్నాం. ముందు రోజంతా వెబ్‌సైటు పడకేసింది. ఒక పెళ్ళి బృందం, గదులన్నీ తీసుకుందామనుకున్నవాళ్ళు, పేజీ రాక రాక విసిగి వేరే లాడ్జికి పోయారు. నాకు ఒళ్ళు మండింది. తిరుపతిలో బుకింగులు చూసుకునే కంపెనీకి ఈ పని ఇచ్చేయమని నేను ఎప్పటి నుంచో చెబుతున్నాను. ఆయన వినడు. "ఇచ్చేస్తే వాళ్ళు ఇంగ్లీషులో మొహాన కొడతారే, మన మాటలు పెట్టరు" అంటాడు.

"నీ మాటలు ఎవురు సదవాల? మనుషులు గదికొస్తారా, నీ కవిత్వానికొస్తారా? నీ సైటు పుణ్యాన ఇంక మనమే దారి తప్పినట్టుండాం!" అని అరిచాను. నా నోరు అట్లాంటిది. దుప్పట్లూ తువ్వాళ్ళూ తేవడానికి ఆయనకు నేతగాళ్ళుండే నగరి ఊరికి పోవాల్సిన పని ఉండింది. తల దువ్వుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

గేటు దగ్గర నుంచి కేక వినిపించింది. "ఉండావా?"

నేను పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. వినపడింది. వినపడలేదని ఇప్పటికీ ఎవరితోనూ అనలేదు. పలకను పో, ఒక్క పూటన్నా తెలిసిరానీ అనుకున్నాను.

కాసేపటికి మళ్ళీ పిలిచాడు. "సులోచనా, ఉండావా?" పేరు పెట్టి ఎప్పుడూ పిలవడు. నేను చెట్నీకి వేసిన టెంకాయ ముక్కల మీద మూత పెట్టి మిక్సీ ఆన్ చేశాను. అది ఆపేసరికి బండి చప్పుడు వీధి చివరకు పోయింది.

సాయంకాలం వస్తాడు, కాఫీ ఇచ్చేటప్పుడు నేనొక మాటంటాను, ఆయన నవ్వుతాడు, అంతటితో సరిపోతుంది అనుకున్నాను. మా పోట్లాటలన్నీ అట్లాగే ముగిసేవి.

దారిలో వడమాలపేట దాటకముందే ఆయనకు గుండె బరువెక్కింది. రోడ్డు పక్కన టీ అంగడి ముందు బండి ఆపి బల్ల మీద కూర్చున్నాడు. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది. తర్వాత ఒకరోజు నేను ఆ అంగడి దగ్గరికి పోయాను. అంగడామె మంచిది, నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"నీళ్ళడిగినాడమ్మా. తాగినాడు. ఫోను సేతిలో పెట్టుకోని, ఎవురికో సేద్దామా వద్దా అన్నట్టు సూస్తా కూసోనుండాడు. అంతేమ్మా, నేను ఇట్లా తిరిగేలోపల ఒరిగినాడు."

ఫోను రాలేదు నాకు. నేనే చేసి ఉండచ్చు గదా, ఆయన బండెక్కిన అరగంటకైనా? చేయలేదు. అలిగి ఉన్నాను కదా!

పెద్దకర్మ అయినాక లాడ్జి తలుపులు తెరవక తప్పలేదు. వెబ్‌సైటు సంగతి నా మరిది రమణ చూశాడు. చిత్తూరులో కంప్యూటర్ల పని చేసే పిల్లాడు, నిదానస్తుడు, మాట తూచి మాట్లాడతాడు. అద్దె సర్వరును వదిలేసి, నేను అంతకు ముందు కోరుకున్నట్టే తిరుపతి కంపెనీకి అప్పజెప్పాడు. పాత సర్వరులో ఉన్నదంతా తుడిచేశారు.

"అన్న రాసిన పేజీలు ఎత్తి పెట్టమంటావా వదినా?" అని అడిగాడు.

ఆ రోజు నాకు ఏమీ పట్టలేదు. "ఎందుకు రమణా, ఎవురు సూస్తారు?" అన్నాను. ఆ మాటలు కూడా అట్లా పోయాయి.

ఇక చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మొదలైంది. యాత్రికులు ఫోను చేసి "మీ సైటులో 502 అని వస్తాండాది" అంటే జవాబు చెప్పాల్సింది నేనే. రమణను అడిగి అడిగి ఒక్కొక్కటే నేర్చుకున్నాను. 502 అంటే లోపలి మనిషి పలికింది గానీ పలికింది అర్థం కాలేదు. 429 అంటే ఒకే మనిషి ఆగకుండా తలుపు కొడుతున్నాడు. ఇప్పుడు మా వీధిలో ఏ లాడ్జి సైటు ఆగినా నా దగ్గరికే వస్తారు. "404 అయితే నీ తప్పో వచ్చినోళ్ళ తప్పో సూడు, 500 అయితే నీదే తప్పు, కంపెనీకి ఫోన్ చెయ్" అని టకటకా చెప్పేస్తాను. వాళ్ళు ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం ఆ వంటింటి గుమ్మం వైపు చూడబుద్ధి కాదు. నాకు చెప్పాలని కాఫీ చల్లారబెట్టుకుని నిలబడిన మనిషి ఉన్నన్నాళ్ళూ నేను వినలేదు.

ఇట్లా చాలాకాలం గడిచింది. ఒక శుక్రవారం, గుడి దగ్గర జనం బాగా ఉన్న రోజు, బంగారుపాళ్యం వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. గది తీసుకుంది, తాళం తీసుకుంది, కానీ పైకి పోలేదు. మొహం చూస్తే గొడవ పెట్టుకునేట్టే ఉంది.

"ఏమ్మా, మీ సైటులో మాటలు రాసేది ఎవురు? కొంచెం మర్యాద నేర్పండి వాళ్ళకి."

"ఏమైంది మేడమ్?"

"బుక్ చేస్తా ఉంటే పేజీ నిల్చిపోయింది. నిల్చిపోతే పోనీ. 'ఉండావా?' అని వచ్చింది! నేనేమన్నా మీ ఇంటి పనిమనిషినా? 'ఉండారా' అనాల గదా, డబ్బిచ్చి గదికొచ్చే మనిషిని?"

నా చేతిలో పెన్ను ఉండింది. దాన్ని బల్ల మీద పెట్టి, ఏం వచ్చిందో మొత్తం చెప్పమన్నాను. ఆమె గుర్తు తెచ్చుకుని చెప్పింది. తెల్ల పేజీ, తెలుగు అక్షరాలు. "అడిగినా. జవాబు రాలేదు. ఇంకొకసారి అడుగుతా. ఉండావా?" ఆమె చిరాకుపడి మళ్ళీ నొక్కితే మామూలు పేజీ వచ్చింది, గది దొరికింది.

నేను ఆమెకు క్షమాపణ చెప్పి, కాఫీ తెప్పించి, పైకి పంపాను. తర్వాత నడవాలో నిలబడ్డాను. ఫోను చేతికి తీసుకున్నాను. దయ్యమని కాదు, ఎవడో నాతో ఆటలాడుతున్నాడని కోపంతో. రమణకు ఫోన్ చేసి నాలుగు తిట్టాను కూడా, వాడే ఏమన్నా పెట్టాడేమోనని.

"నేనెందుకు పెడతా వదినా? మా అన్న మాటలతో నేను ఆడుకుంటానా?" అన్నాడు. తిట్టినందుకు నాకే సిగ్గేసింది.

రమణ మొదట చెప్పిన కారణం ఇది: ఒక్కోసారి ఫోను పాత పేజీని దాచుకుని, అదే మళ్ళీ చూపిస్తుంది. సరే, టీచరమ్మను అడిగాను. ఆమె మా సైటు తెరవడం అదే మొదలు. పైగా దాచుకున్న పాత పేజీ అయితే ఆయన రాసిన ముక్కే రావాలి గదా: "లోపల అడిగినాము, మళ్ళా అడుగుతాము, కూసోండి." ఇది ఆ ముక్క కాదు. ఇందులో కూసోండి లేదు. ఇందులో ఉన్న మాట ఆయన ఏ పేజీలోనూ రాయలేదు, గేటు దగ్గర నిలబడి నా ఒక్కదానికే చెప్పాడు.

కొన్నాళ్ళకు ఇంకొకటి. కుప్పం నుంచి ఒక కొత్తగా పెళ్ళయిన కుర్రాడు ఫోనులో గది అడిగి, పెట్టేసే ముందు నవ్వుతూ అన్నాడు: "అక్కా, మీ సైటు మా అమ్మ మాదిరి పిలస్తాదక్కా, ఉండావా అని." వాడికి అది బాగా నచ్చిందట. నేను అవునా నాయనా అని ఫోను పెట్టేశాను. ఆ పూట వంట చేయలేకపోయాను.

అప్పుడు రమణ ఒక ఆదివారం చిత్తూరు నుంచి వచ్చి, మధ్యాహ్నమంతా ఆఫీసులో కూర్చుని వెతికాడు. తిరుపతి కంపెనీ వాళ్ళను ఫోనులో పెట్టుకుని వాళ్ళ చేత కూడా వెతికించాడు. సైటు మొత్తం మీద ఉండావా అనే మాట ఎక్కడా లేదు. తెలుగు అక్షరమే లేదు. పాత సర్వరు వేరే ఎవరికో అద్దెకు పోయింది, దానికీ మా సైటుకూ సంబంధమే లేదు.

"నాకు తెలీడం లేదు వదినా," అన్నాడు. ఆ పిల్లాడి నోటి నుంచి ఆ మాట రావడం చిన్న సంగతి కాదు.

ఇక నేను చూసింది.

పొద్దు బాగా ఎక్కిన వేళ, ఆఫీసులో కూర్చుని ఉన్నాను. వేలూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. గది ఏదైనా ఖాళీ అయిందేమో చూద్దామని కంప్యూటరులో మా సైటు తెరిచాను. తిరిగింది, తిరిగింది, రాలేదు. 504 వస్తుందిలే, ఇంగ్లీషులో, అనుకున్నాను. అంతలో పేజీ తెల్లబడి తెలుగు వచ్చింది.

"అడిగినా. జవాబు రాలేదు. ఇంకొకసారి అడుగుతా. ఉండావా?"

రంగుల్లేవు, బొమ్మల్లేవు. నల్లటి అక్షరాలు, అంతే. నేను రెండుసార్లు చదివాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. ఎదురుగా ఉన్న పెద్దాయన అరవం మనిషి, తెలుగు చదవడం రాదు. అందువల్ల నాకు సాక్ష్యం లేదు. ఆ మాట దాచను.

నేను కంప్యూటరుకు జవాబు చెప్పలేదు. లేచి నడవాలో పరుగెత్తాను. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో! వంటింట్లోకి పోయి, పొయ్యి దగ్గర, ఆ పొద్దు నిలబడిన చోటే నిలబడి, గొంతంతా పెట్టి కేకేశాను.

"ఉండా! ఉండానయ్యా! ఈడనే ఉండా!"

నడవా అంతా వినిపించింది. పైన ఎవరో తలుపు తీసిన చప్పుడైంది. నేను కొంగుతో మొహం తుడుచుకుని ఆఫీసుకు వచ్చేసరికి, పెద్దాయన కుర్చీలో నుంచి లేచి నిలబడి, ఏమయిందమ్మా అని అరవంలో అడుగుతున్నాడు. కంప్యూటరులో మా గదుల పేజీ తెరుచుకుని ఉంది. ఆ పెద్దాయన దాన్ని ముట్టుకోలేదని చెప్పాడు. ముట్టుకునే మనిషి కూడా కాదు.

ఆ తర్వాత ఆ పేజీ ఎవరికీ రాలేదు. వచ్చిన ప్రతి యాత్రికుణ్ణీ ఏదో వంకతో అడుగుతూనే ఉన్నాను. సైటు ఆగుతూనే ఉంది, మొండికేస్తూనే ఉంది, కానీ ఇంగ్లీషులోనే.

కొన్నాళ్ళు నేను తేలిగ్గా ఉన్నాను. జవాబు చెప్పేశాను గదా అనుకున్నాను. ఆయనకు అందింది, అందుకే ఊరుకున్నాడు అనుకున్నాను. కడుపు నిండా అన్నం తిన్నాను, పక్క లాడ్జి ఆవిడతో వేళాకోళాలు కూడా ఆడాను.

ఒకరోజు రమణ వచ్చి అన్నం తింటూ ఏవో సైటు మాటలు చెబుతుంటే, నేను ఊరికే అడిగినట్టు అడిగాను. "504 వచ్చినాక, లోపలి మనిషి ఆలస్యంగా పలికితే ఏమయితాది రమణా?"

వాడికి ఆ పొద్దు మిక్సీ సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు. పప్పన్నం కలుపుకుంటూ మామూలుగా చెప్పాడు.

"శానాసార్లు అట్లానే అయితాది వదినా. లోపల పని జరగతానే ఉంటాది, జవాబు కూడా తయారయితాది. కానీ అడిగినోడు అప్పటికే కనెక్షన్ తీసేసి పోయింటాడు. ఆ జవాబు ఎవురికీ పోదు. ఆడికాడనే పడిపోతాది."

"మళ్ళా అడిగితే?"

"మళ్ళా అడిగితే అందుతాది. అడగాల గదా."

నేను వాడికి మజ్జిగ పోసి పక్కకు వచ్చేశాను.

అప్పటి నుంచీ నా మనసులో ఒకటే తిరుగుతోంది. "ఇంకొకసారి అడుగుతా" అని ఉండింది ఆ పేజీలో. ఎంతమందిని అడిగాడో, ఎన్ని ఫోన్లలో అడిగాడో, చివరకు నా దగ్గరికి వచ్చాడు. నేను పలికాను. పలకడానికి వంటింటి దాకా పరుగెత్తాను. ఆ నడవా పొడుగాటిది. నేను అక్కడికి చేరేలోగా ఆయన ఇంకా గేటు దగ్గరే ఉన్నాడా, బండి తీసేశాడా?

జవాబు అందింది గాబట్టి అడగడం మానేశాడా, ఎన్నిసార్లు అడిగినా పలకడం లేదని మానేశాడా? రమణను ఇది అడగలేదు. అడిగినా వాడేం చెబుతాడు? బయటి నుంచి చూసేవాళ్ళకు రెండూ ఒకే మాదిరి ఉంటాయి. ఏ నంబరూ రాదు.

దయ్యాలున్నాయో లేవో నాకు ఇప్పటికీ తెలియదు, నమ్మమని ఎవరికీ చెప్పను. ఆ పేజీ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియదు. తిరుపతి కంపెనీ వాళ్ళను బతిమాలి, తప్పుల పేజీలన్నిట్లోనూ ఆయన మాటలే మళ్ళీ పెట్టించాను, నాకు గుర్తున్నంత వరకు. 504కు మాత్రం ఏమీ రాయించలేదు. అది ఆయన రాసుకుంటాడేమోనని ఖాళీగా వదిలేశాను.